ప్రెసిడెంటు గేటు దాటేదాకా

ప్రెసిడెంటు పార్లమెంటు రెండు సభలవాళ్ళనీ వెర్సాయి రాజభవనానికి పిలిపించి ప్రసంగిస్తాడని కబురు రాగానే, రెజీన్ ఫాబ్రెగ్ మేకల పాక ముందు నిలబడి ఊరి ఆడవాళ్ళకు మాటిచ్చేసింది.

"మన పురుళ్ళ ఆసుపత్రి మూసేస్తానంటున్నాడుగా. మొహం మీదే అడిగేస్తా చూడండి."

రెజీన్ పార్లమెంటుకు కొత్త. అంతకుముందు సెయ్రాక్ సంతలో మేక జున్ను అమ్మేది. ఓట్లు పడ్డది ఆమె నోటికేనని కొండ మీద అందరికీ తెలుసు. ఆ నోటి జోరు చూద్దామని ఊరి ఆడవాళ్ళు చంటిపిల్లల బళ్ళతో సహా బస్సు కట్టించుకుని బయల్దేరారు.

వెర్సాయిలో పార్టీల వారీగా కాక అక్షరక్రమంలో కూర్చోబెడతారు. రెజీన్ పక్కన ఎదుటి పార్టీ ముసలి సెనేటర్ ఫాజోల్ పడ్డాడు. ఆమె ఒళ్ళో ఉన్న కాగితాలు చూసి ఆయన ముసిముసిగా నవ్వాడు.

"ఆయన్నే అడుగుదామనా తల్లీ? నీకెవరూ చెప్పలేదా? ఆయన వస్తాడు, చెప్తాడు, పోతాడు. పోయాకే మనం నోరు విప్పాలి. దాని మీద ఓటు కూడా ఉండదు. రాజ్యాంగం."

"అంటే అత్త ఊరెళ్ళాక కోడలు అలిగినట్టన్నమాట."

"వెనకటికి ఒక ప్రెసిడెంటు మాటలతో సభనంతా బుట్టలో వేసుకునేవాడు. మనవాళ్ళు జడుసుకుని ప్రెసిడెంట్లెవరూ సభ గుమ్మం తొక్కకూడదన్నారు. ఏం చెప్పాలన్నా చీటీ రాసి పంపడమే. ఈమధ్యే తలుపు ఓరగా తీశారు, అదీ ఇక్కడ మాత్రమే."

"ఆయన నోటికి భయపడి మన నోటికి తాళం వేసుకున్నామా? బాగుంది సంబడం!"

ప్రెసిడెంటు దెల్వాల్ వచ్చాడు. దేశం గురించి, ధైర్యం గురించి, రేపటి గురించి చెప్పాడు. పురుళ్ళ గురించి మాత్రం ఎత్తలేదు. చప్పట్లు ఆగకముందే పక్క తలుపులోంచి జారుకున్నాడు.

రెజీన్ బల్ల కింద ఫోను తీసి, బయట ఊరి ఆడవాళ్ళతో ఉన్న మాగాలికి సందేశం పంపింది: "గేటుకు అడ్డంగా కూచోండి. కారు కదలనివ్వకండి." మనిషి పోలేకపోతే ఏదో ఒక గదిలో కూర్చుంటాడు, ప్రతి గదిలోనూ సభ మాటలు వినిపించే స్పీకరుంది, చచ్చినట్టు వింటాడు. ఇదీ ఆమె లెక్క.

విరామం అయ్యాక సభాధ్యక్షుడు లేచాడు. మెళ్ళో గొలుసు వేసుకున్న బంట్రోతు వచ్చి ఆయన చెవిలో ఏదో ఊదాడు. ఆయన మొహం జున్నులా తెల్లబడింది.

"ప్రెసిడెంటుగారు ఇంకా ఆవరణలోనే ఉన్నారు. వారు గేటు దాటేదాకా చర్చ మొదలుపెట్టే వీల్లేదు."

సభ సంతలా లేచింది. కారులో కూర్చున్న మనిషి సభలో ఉన్నట్టా లేనట్టా అని లాయర్లు తగువులాడుకున్నారు. గోడ ఇవతల ఉంటే ఉన్నట్టేనని ఒకడు. చెవికి వినపడనంత దూరంలో ఉంటే లేనట్టేనని ఇంకొకడు.

ఫాజోల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎవరో ఆడవాళ్ళు గేటుకు అడ్డం కూచున్నారట! ఆయన పోతేగాని చర్చ లేదు. పోయాడంటే వినడు. ఎవరి బుర్రలో పుట్టిందో గాని, ఏం తెలివి, ఏం తెలివి!"

రెజీన్‌కు చెవులు కాలాయి. ఊళ్ళో ఇచ్చిన మాట కళ్ళ ముందు ఆడింది. కాగితాలు పక్కన పెట్టేసింది.

"పెద్దాయనా, ఈ కట్టుబాట్లన్నీ సభలోనేనా? వాకిట్లో కూడానా?"

"వాకిలి సంగతి ఎక్కడా రాయలేదే..." అని ఆయన మాట ముగించేలోపే ఆమె మెట్లు దిగిపోయింది.

రాళ్ళ వాకిలి పెనంలా కాలుతోంది. ప్రెసిడెంటు కారు దిగి, కోటు విప్పేసి, తన ప్రసంగం కాగితాలతోనే విసురుకుంటున్నాడు. గేటు దగ్గర ఒక పోలీసు అధికారి మాగాలిని బతిమాలుతున్నాడు. చుట్టూ టీవీ కెమెరాలు.

"నెలలు నిండినదాన్ని నాయనా. లేపావంటే ఇక్కడే కంటా. నువ్వే బొడ్డు కొయ్యాలి."

రెజీన్ నేరుగా కారు దగ్గరికి వెళ్ళింది.

"ఏమైనా ఉంటే సభలో చెప్పండి మేడమ్. నాకు అందుతుంది," అన్నాడు ప్రెసిడెంటు.

"సభలో చెప్పాలంటే మీరు పోవాలి. మీరు పోవాలంటే వీళ్ళు లేవాలి. వీళ్ళు లేవాలంటే మీరు వినాలి. కాబట్టి ఇక్కడే వినండి. సెయ్రాక్ ఆసుపత్రి మూస్తే మా కోడళ్ళు ఎక్కడ కనాలి?"

"పట్నంలో పెద్దాసుపత్రి ఉంది. మ్యాపులో చూశాను, ఎంత దూరమని?"

"మ్యాపుకు నొప్పులు రావు బాబూ! వాంతులు కూడా రావు. ఆ కొండ మలుపుల్లో మా అంబులెన్సులో ఒక్కసారి పడుకుని రండి. దిగాక కూడా మూయాలనిపిస్తే సంతకం పెట్టుకోండి."

"రాడమ్మా! ఈయన గుమ్మాలు దాటాలంటే రాజ్యాంగం సవరించాలి," అంది మాగాలి. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. కెమెరాలు దగ్గరికి జరిగాయి.

"వస్తాను," అన్నాడు ప్రెసిడెంటు, చొక్కా మెడ వదులు చేసుకుంటూ.

ఆడవాళ్ళు లేచారు. కారు పోయింది. చర్చ మొదలైంది. తన వంతు వచ్చినప్పుడు రెజీన్ లేచి, "నేను చెప్పేది వాకిట్లో చెప్పేశాను. మిగతావాళ్ళు ఖాళీ కుర్చీతో కానివ్వండి," అని కూర్చుని, సంచిలోంచి జున్ను తీసి సగం ఫాజోల్‌కు పెట్టింది. ఎదుటి పార్టీ అయినా ఆయన కాదనలేదు.

చెస్ట్‌నట్ చెట్లు పూసే రోజుల్లో ప్రెసిడెంటు వచ్చాడు. అంబులెన్సులో బల్ల మీద పడుకున్నాడు. ఎదురుగా మాగాలి, ఒళ్ళో పసిబిడ్డ. కొండ దారిలో గాడిద మలుపు అనే చోటు దాకా దేశం గురించి ఏదో చెబుతూనే ఉన్నాడు. మలుపు తిరిగాక మాట ఆగిపోయింది. మాగాలి గబుక్కున కాళ్ళ దగ్గరున్న బకెట్టు అందించింది.

సెయ్రాక్ పురుళ్ళ ఆసుపత్రి మూయలేదు. ఆ బకెట్టు దాని గుమ్మం పక్కనే ఉంది. అందులో ఎర్ర జెరేనియం పూలు విరగబూస్తున్నాయి.