ముప్ఫై అంటే ముప్ఫై

ఈటెతో చేపల్ని కొట్టడం నేర్పిస్తానని మా అత్తగారు ఇల్మా ఏప్రిల్లో మాటిచ్చింది. జూన్ వచ్చినా నా చేతికి ఈటె రాలేదు. ఆవిడ నేర్పిందల్లా ఒంట్లు. నేను నీళ్ల మీద బోర్లా తేలుతూ, గొట్టంతో గాలి పీలుస్తూ, కిందికి మునిగిన ఆవిడ మీద నుంచి కన్ను తిప్పకూడదు. ఆవిడ పైకి తేలాక తల పైకెత్తి ఒకటి నుంచి ముప్ఫై దాకా గట్టిగా లెక్కపెట్టాలి. నలభై మూడేళ్లవాణ్ణి, ఇరవై ఏళ్లుగా దుంగల లారీ నడుపుతున్నవాణ్ణి. నా చేత బళ్లో చేరిన కొత్తలోలా ఒంట్లు చెప్పించింది. ఒళ్లు మండదూ?

ఆవిడకు అరవై ఆరేళ్లు. ముప్ఫై ఏళ్లుగా తన చెల్లెలు ఐలితో కలిసి పాత కలప రేవు దగ్గర మునుగుతోంది. ఒకరు కిందికి వెళితే ఒకరు పైన కాపలా. చలికాలంలో ఐలికి తుంటి ఎముక మార్చారు, ఇక నీళ్లలోకి దిగొద్దన్నారు. మా అత్తగారు ఒంటరిగా ఒక్కసారి కూడా దిగిన మనిషి కాదు, ఇంకెవర్నీ దిగనివ్వదు కూడా. తోడు లేకపోతే ఆవిడ సముద్రం అక్కడితో సరి. ఆ మార్చి నెలంతా మా వంటింట్లో కూర్చుని, కిటికీలోంచి అలలు చూస్తూ, అడిగినదానికి ఒకటి, అడగనిదానికి పది విసుక్కునేది. ఏప్రిల్ రాగానే నాకు నేర్పుతానంది. మా ఆవిడ కార్లా అయితే, "అమ్మకి నువ్వంటే ఇప్పటికి ఇష్టం పుట్టింది వెండెల్" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనూ నమ్మాను.

మొదటి రోజే తిట్లు తిన్నాను. మందపాటి రబ్బరు సూటు మనిషిని బెండులా పైకి తేలుస్తుంది. తొందరగా మునగాలని ఆవిడ చూడకుండా నా నడుము బెల్టుకు రెండు సీసం దిమ్మలు ఎక్కువ గుచ్చుకున్నాను. బరువు సరిచూడ్డానికి లోతు నీళ్లలో నిటారుగా తేలుతూ సగం గాలి వదలమంది. నీళ్లు కళ్ల దగ్గర ఆగాలి. నేను నెత్తి మునిగేదాకా వెళ్లి, తన్నుకుంటూ పైకొచ్చాను.

"ఏం నాయనా, అడుగునే కాపురం పెడదామనా? మా అమ్మాయిని కూడా పంపించనా?" అంటూ నా నడుము తడిమి, రెండు దిమ్మలూ ఊడబెరికింది.

ఆ తర్వాత ఆవిడ నియమాలు. గబగబా ఊపిరి ఎగబీల్చి మునగకూడదు. ఎంతసేపు కింద ఉన్నావో దానికి రెండింతలు పైన తేలుతూ ఉండాలి. కోపంగా ఉంటే అసలు దిగకూడదు, కోపం గాలిని తినేస్తుంది. అన్నిటికన్నా పైన ఆ ముప్ఫై.

"మనవాళ్లు పోయేది అడుగున కాదయ్యా, పైకొచ్చాక" అనేది. "పైకొస్తారు, మాస్క్ తీస్తారు, బానే ఉన్నానంటారు, నవ్వుతారు. పక్కవాడు చేప వంక చూస్తాడు. తిరిగి చూసేసరికి మనిషి ఉండడు. నేను బానే ఉన్నానని చెప్పినా నమ్మొద్దు. ముప్ఫై అంటే ముప్ఫై."

సరే, పెట్టాను లెక్క. రెండు నెలల పాటు, నడివేసవిలోనూ ఎముకలు కొరికే మా నీళ్లలో, పళ్లు టకటకలాడుతుండగా పెట్టాను. ఆవిడ మాత్రం లింగ్‌కాడ్ చేపల్ని ఒక్కొక్కటే పైకి తెచ్చి, మేం వెంట లాక్కెళ్లే చిన్న తెప్పకు తగిలించేది. నోటి నిండా సూదుల్లాంటి పళ్లున్న చేప. ఇంటికెళ్లాక కార్లా వాటిని పిండిలో దొర్లించి వేయించేది. తింటున్నంతసేపూ నాకు గొంతు దిగేది కాదు. అత్తారి సొమ్ము తిన్నట్టే ఉండేది.

ఆ జూన్ ఆదివారం ఐలి చేతికర్రతో ఒడ్డు దాకా వచ్చి, ఫ్లాస్కులో కాఫీ తెచ్చింది. మా అత్తగారు కారు వెనక సూటు వేసుకుంటోంది.

"నువ్వు బంగారంలాంటి కాపలావాడివటగా వెండెల్! మా అక్క ఒకటే మురిసిపోతోంది" అంది ఐలి. "ఈటె పట్టడం నీకు ఇష్టం లేదటగా. మంచిదేలే. వేటలో పడ్డవాడికి కాపలా చేతకాదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. నాకు ఇష్టం లేదా? ఎవరు చెప్పారు? రెండు నెలలుగా వారం వారం అడిగి అడిగి నోరు నొప్పి పుట్టింది నాకు! ఐలి అక్కడ ఉండగా ఒక్క మాటా అనలేదు. నీళ్లలోకి దిగి, తెప్పను కెల్ప్ అనే సముద్రపు నాచు తీగకు కట్టేశాక అడిగాను.

"ఈటె నాకు వద్దని చెప్పారట మీ చెల్లెలికి?"

ఆవిడ తడబడలేదు. "చెప్పాను. అయితే?"

"అయితేనా? మీకు శిష్యుడు కాదు, జీతం లేని కాపలావాడు కావాలి. అదేదో ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"ఈటె కావాలి, అంతేనా? ఇంద!" అని మూడు మొనల ఈటెను అడ్డంగా నా రొమ్ముకు ఆనించి తోసింది. "ఇరవై అడుగులు దాటొద్దు. బండ మీద ఉన్నదాన్నే కొట్టు. బొరియలో ఉన్నదాని జోలికి పోకు."

ఇద్దరం కోపంగానే ఉన్నాం. కోపంగా ఉంటే దిగకూడదన్న మాట ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు.

మునిగాను. బండల మీద ఏమీ లేదు. ఇంకాస్త దిగితే, ముప్ఫై అడుగుల దగ్గర ఒక నెర్రెలోంచి ఇంత తల బయటపెట్టి ఒక లింగ్‌కాడ్ నన్నే చూస్తోంది. అంత పెద్దదాన్ని ఆవిడ కూడా తేలేదు. ఈటె చివరున్న రబ్బరు పట్టీ లాగి వదిలాను. తగిలింది. చేప ఒక్క గింజులాటతో ఈటెతో సహా లోపలికి దూరి, నెర్రెలో అడ్డంగా ఇరుక్కుపోయింది. లాగాను, రాలేదు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. వదిలేసి పైకొచ్చాను.

మా అత్తగారు కొరకొరా చూస్తూనే ముప్ఫై దాకా లెక్కపెట్టింది నాకు. ఒక్క అంకె కూడా మింగలేదు. ముప్ఫై అయ్యాకే తిట్లు మొదలుపెట్టింది.

"బొరియలోది వద్దన్నానా లేదా? ఇప్పుడది లోపల కుళ్లి చావాలా? గాయపడ్డదాన్ని వదిలేసి పోయే అలవాటు మా ఇంట్లో లేదు!"

మునిగింది. నిమిషానికి పైగా కింద ఉండి ఉత్త చేతులతో వచ్చింది. నేను లెక్కపెట్టాను. రెండు నిమిషాలైనా తేలుతూ ఊపిరి కూడదీసుకోవాలి. మేం ఆ రెండు నిమిషాలూ అరుచుకున్నాం.

"మీకు అల్లుడు అక్కర్లేదు, కాపలా కుక్క కావాలి!" అన్నాను.

"కుక్కయితే చెప్పిన మాట వినేది!" అంది. మళ్లీ మునిగింది. పైకొచ్చింది, మళ్లీ ఉత్త చేతులే. ఈసారి సగం విశ్రాంతి కూడా తీసుకోలేదు. మూడోసారి దిగింది. ఆపాల్సింది నేను. నోరు తెరవలేదు. వెళ్లనీ, ఈ మనిషి మొండితనం ఎంతుందో చూద్దాం అనుకున్నాను. నేను చేసిన తప్పుల్లో అన్నిటికన్నా పెద్దది అదే.

ఈసారి చేపతో వచ్చింది. ఈటె వంగిపోయి ఉంది. చేప దానికి వేలాడుతూ కొట్టుకుంటోంది. మాస్క్ పైకి తోసి, "బానే ఉన్నాను" అంది. నేను లెక్క మొదలుపెట్టాను.

"చూశావా, చంకనెత్తుకునేంతుంది!" అని నవ్వింది. ఎనిమిది, తొమ్మిది. "చాల్లే నీ లెక్క. చేప పట్టుకో, జారిపోతోంది."

పదకొండు దగ్గర ఉన్నాను. చేప నిజంగానే జారుతోంది. నేను కొట్టిన మొదటి చేప, ఊరంతా చెప్పుకునే చేప. దాని వంక చూడాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. ప్రేమతో కాదు, బుద్ధితోనూ కాదు, ఒట్టి కసితో ఆవిడ మొహంలోనే కళ్లు పెట్టి, "ముప్ఫై అంటే ముప్ఫై అన్నది మీరేగా! పన్నెండు! పదమూడు!" అని అరిచాను.

పదిహేడు దగ్గర ఆవిడ పెదాలు నీలంగా కనిపించాయి. తల రెండుసార్లు ఊగింది. చేతిలోంచి ఈటె జారింది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి, అందులో ఆవిడ లేదు. మొహం నీళ్లలో వాలిపోయింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి మాత్రం తనంతట తనే ఆవిడ నడుము దగ్గరికి వెళ్లి బెల్టు లాగేసింది. సీసం మునిగిపోయింది. మెడ కింద చెయ్యి వేసి వెల్లకిలా తిప్పాను. మాస్క్ పీకేశాను. చెంపలు తడుతూ, కళ్ల మీద ఊదుతూ, "ఊపిరి! ఊపిరి తియ్యండి అత్తగారూ! తియ్యవే ముసల్దానా!" అని అరుస్తున్నాను. మధ్య మధ్యలో నా నోటికి అంకెలు వస్తూనే ఉన్నాయి. ఇరవై మూడు. ఇరవై నాలుగు.

ఇరవై ఆరుకు గొంతులో గురక వచ్చింది. దగ్గింది. గాలి లోపలికి పోయింది. కళ్లలోకి మనిషి తిరిగొచ్చింది.

"ఎంత?" అంది.

"ఇరవై ఆరు."

"ఇంకా నాలుగుంది" అంది మా అత్తగారు.

ఏడుస్తూ ఆ నాలుగూ లెక్కపెట్టాను.

తెప్ప మీద పడుకోబెట్టి ఒడ్డుకు తోసుకొచ్చాను. ఐలి కర్ర పారేసి నడుం లోతు నీళ్లలోకి వచ్చేసింది. ఆసుపత్రిలో ఊపిరితిత్తుల్లో నీళ్లు లేవన్నారు. తిరిగొస్తూ కారులో, "కార్లాకి చెప్పకు" అంది. వాకిట్లో బండి ఆపకముందే చెప్పేశాను. కార్లా నాలుగు రోజులు వాళ్లమ్మతో మాట్లాడలేదు. నాతోనూ పెద్దగా మాట్లాడలేదు. ఈటె, చేప, బెల్టు అన్నీ సముద్రానికే పోయాయి.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం, ఆవిడ మా ఇంటి ముందు హారన్ కొట్టింది. వెనక సీట్లో కొత్త ఈటె, కొత్త బెల్టు. సూట్లు వేసుకుని రేవు బండ మీద కూర్చున్నాం. గాలి లేదు, నీళ్లు తేటగా ఉన్నాయి. ఏడాదికి అలాంటి రోజులు నాలుగైదు వస్తే గొప్ప.

"కోపం తగ్గిందా?" అంది.

"లేదు."

"ఈటె నీదే. ఇవాళ నేను పైన ఉంటాను. ఇంకా ఏంటి కోపం?"

"ఈటె కోసం కాదు!" ఉన్నట్టుండి నా గొంతు లేచింది. "చాల్లే, చేప పట్టుకో అన్నది మీరు. నేను విని ఉంటే? చేప వంక తిరిగి ఉంటే? కార్లాకి ఏం మొహం చూపించేవాణ్ణి? రెండు నెలలుగా మిమ్మల్ని తిట్టుకుంటూ వచ్చినవాణ్ణి, మీరు లేకపోతే నేనెవర్ని తిట్టుకోవాలి?"

ఆవిడ చేతితొడుగు తీసి, మళ్లీ వేసుకుంది.

"నువ్వు వినే రకం కాదని తెలుసు నాయనా" అంది. "అందుకే నిన్ను పెట్టుకున్నాను."

నవ్వొచ్చింది. కోపం మాత్రం పోలేదు.

"మీకు తగ్గిందా?" అన్నాను.

"ఎవరి మీద?"

"ఎవరి మీదైతేనేం."

"లేదు" అంది. "నా మీద నాకే. అది తొందరగా పోయేలా లేదు."

అయితే ఇవాళ్టికి దిగేది లేదు. ఆ మాట ఇద్దరిలో ఎవరూ అననక్కర్లేకపోయింది. రబ్బరు సూట్లలో చెమటలు కక్కుతూ, కాళ్లు నీళ్లలో పెట్టుకుని, ఆటు మళ్లేదాకా అక్కడే కూర్చున్నాం. ఐలి ఇచ్చి పంపిన దాల్చినచెక్క రొట్టెలు తిన్నాం. పెద్దది నేను తీసుకున్నాను.

"వచ్చే ఆదివారం?" అంది లేస్తూ.

"కోపం తగ్గితే."

"తగ్గకపోతే?"

"మళ్లీ కూర్చుందాం."