బాలమ్మ చెప్పిన కృతజ్ఞత

బాలమ్మ దబ్బనానికి పురికొస ఎక్కించి, వేరుశనగ సంచి మూతిని ఎడమచేత్తో కలిపి పట్టుకుంది. ఎడమకాలు ముందుకు చాచి ఉంది. రెండు నెలలుగా అది వంగడం లేదు. వెదురు బద్దల మీద చుట్టిన గుడ్డలోంచి చీము కారుతోంది. కోడిగుడ్డు సొన, ఆకు పసరు కలిసి మురిగిన వాసన. మిల్లులో ఈగలన్నీ ఆ కాలి మీదే ఉన్నాయి.

పక్కన కుడుతున్న దేవమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"రోంత ఆ పక్కకు జరుగుమ్మే. కడుపులో తిప్పుతాండాది. ఏమైనా పెట్టి పుట్టినావులే, అంబాసిడర్ కారెక్కినావు."

"కారు నా మింద ఎక్కినాక గదమ్మే, నేను కారెక్కింది."

ఆ కారు దొర్నిపాడు ఆసామి ఆదినారాయణది. మిల్లు ముందు రోడ్డు దాటుతుంటే గుద్దింది. ఆయన దిగి, సీటుకు రక్తం అంటకుండా గోనెపట్ట పరిపించి, ఆమెను ఎక్కించాడు. ఆసుపత్రికి పోతే కాలు కోసేస్తారన్నాడు. బాలమ్మ భయపడి, కట్టు కట్టేవాడి దగ్గరికే పదమంది. ఆయనకు కావలసిందీ అదే.

బాలమ్మ వాళ్ల చర్చిలో ఆపద తప్పినవాళ్లు ఆదివారం నిలబడి అందరి ముందు కృతజ్ఞత చెప్పాలి. కట్టు కట్టిన వారానికి ఆమెను ఇద్దరు పట్టి నిలబెట్టారు. "ఆదినారాయణయ్య దేవుని మాదిరి వచ్చి నన్ను కార్లో ఎత్తుకపోయినాడు. ఆయప్పను దీవించు ప్రభువా" అంది. గుద్దింది ఆ కారేనని చెప్పలేదు. స్తోత్రం చెప్పేచోట ఒకరి మీద చాడీ ఏమిటనుకుంది. అందరూ ఆమేన్ అన్నారు. ఆ వారంలోనే ఆదినారాయణ చర్చికి కొత్త రేకులు పంపాడు.

రోడ్డు మీద నంద్యాల బస్సు హారను వినిపించింది. బాలమ్మ సగం కుట్టిన సంచికి దబ్బనం గుచ్చి, కర్ర అందుకుని లేచింది.

కాలు మానే దారి కనపడక నంద్యాల పోయిన బాలమ్మతో వకీలు తన ఇంటి వసారాలోనే మాట్లాడాడు. మాట్లాడుతూ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"పోలీసు రిపోర్టు ఇచ్చినారా?"

"ల్యా సామీ."

"ఆసుపత్రి చీటీ?"

"ల్యా."

"ఎవురన్నా చూసినారా?"

"టీ అంగడి యోహాను చూసినాడు."

"సోమవారం ఆయప్పను పిల్చకరా. కేసేద్దాం, ఇంగా గడువుండాది. ముందు ఆ కాలు ఈడ సర్కారు ఆసుపత్రిలో చూపిచ్చుకో, వాళ్లు రాసిస్తారు. ఎవురు కాయితం తెచ్చినా యేలిముద్ర మాత్రం వెయ్యాకు."

ఆ పూటకు ఆసుపత్రిలో చీటీలు రాయడం ఆపేశారు. సోమవారం రెండు పనులూ చూసుకోవచ్చనుకుంది. కేసు గెలిస్తే కర్నూల్లో కాలు బాగుచేయించుకోవాలి. తిరుగు బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. శిరివెళ్ల దాటేసరికి ఒళ్లు కాలిపోతోంది.

ఆళ్లగడ్డలో దిగి నేరుగా యోహాను అంగడికి పోయింది. యోహాను ఎంగిలి గ్లాసులను ఒకే బకెట్ నీళ్లలో ముంచి తీస్తున్నాడు. ఆ నీళ్లు బురదలా ఉన్నాయి.

"నేనేం సూల్యా" అన్నాడు తల ఎత్తకుండా.

"నీ చెంబు నీళ్లతోనే గదన్నా నా రక్తం కడిగినావు."

"నువ్వే ఆయప్పను దేవుడంటివి. ఇప్పుడు నేను కోర్టుకు పొయ్యి దయ్యమనాల్నా? ఈ అంగడి జాగా ఎవురిదనుకుంటాండావ్?"

ఆ నీళ్లలోంచి తీసిన గ్లాసులోనే టీ పోసి ముందుకు జరిపాడు. బాలమ్మ దాని అంచున అంటుకున్న ఆకువక్క ఎరుపును చూసింది. గ్లాసు ముట్టుకోలేదు.

"రేపు ఆదివారం. ఆడనే నిలబడి మళ్లా చెప్తా. కారు ఎవురిదో చెప్తా."

"ఆ కాలితో నిలబడతావా?" యోహాను నవ్వాడు.

"నిలబడతా."

ఉదయం చర్చికి పిలవడానికి వచ్చిన దేవమ్మ గడప దగ్గరే ముక్కు మూసుకుంది. లోపలికి వెళ్లి చూస్తే బాలమ్మ ఒళ్లు చల్లబడి ఉంది. తల పక్కన, చర్చికి కట్టే తెల్లచీర ఉతికి మడతపెట్టి ఉంది.

పదిగంటలకల్లా ఆదినారాయణ శవపెట్టె పంపాడు. సంఘపెద్ద నిలబడి, బీదలను మరువని ఆ అయ్య కోసం ప్రార్థన చేశాడు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది యోహాను. కొత్త రేకుల కింద ఆ గొంతు ఖంగుమంది.

సోమవారం మిల్లు తెరిచారు. బాలమ్మ కూర్చునే చోట వేరుశనగకాయలు కొన్ని నేల మీద రాలి ఉన్నాయి. సంచి మూతి సగం తెరిచే ఉంది. పురికొస వేలాడుతూ, దబ్బనం అక్కడే గుచ్చి ఉంది.