వేలు ఖాళీగున్నదా?

"నీకేం రాదు గద, అందుకే దీనికి నువ్వే కరెక్టు" అన్నాడు మా ఆయన. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. చేట పక్కన పలకలాంటి టాబ్లెట్ ఒకటి పెట్టి, తెరిచి చూడమన్నాడు. చేతులు కొంగుకు తుడుచుకుని తెరిచాను. అది మెచ్చుకోలో, ఎగతాళో అప్పుడు ఆలోచించలేదు. ఏడాదిన్నర తర్వాత ఇప్పుడు ఆలోచిస్తున్నాను. ఇప్పటికీ తేలలేదు.

మానుకోట స్టేషన్ రోడ్డులో మా ఆయన కరుణాకర్‌కు కంప్యూటర్ల దుకాణం ఉంది. మూతబడిన ఒక కోచింగ్ కంపెనీ నుంచి అరవై టాబ్లెట్లు తెచ్చాడు. లోపలి సాఫ్ట్‌వేర్ పాతబడి అవి ఎద్దు నడకన నడిచేవి. పాత కంప్యూటర్ల కోసం ఎవరో పుణ్యాత్ములు ఉచితంగా చేసిపెట్టిన తేలికపాటి ఆపరేటింగ్ సిస్టం ఒకటుందట, దాన్ని వీటిలోకి ఎక్కించాడు. ఎక్కనైతే ఎక్కింది. కానీ అది బల్ల మీది కంప్యూటర్ కోసం, మౌస్ పట్టిన చేతి కోసం పుట్టింది. వేలితో ముట్టుకుంటే దానికి అర్థం కాదు. భూపాలపల్లిలో ఉండే మా మరిది ధర్మేందర్‌కు ప్రోగ్రాములు రాయడం వచ్చు. అన్నదమ్ములిద్దరూ కలిసి దాన్ని వేలికి అలవాటు చేద్దామనుకున్నారు. బుర్ర మరిదిది, దుకాణం మా ఆయనది. వేలు నాది.

పొద్దున దీపం పెట్టి, కురవి వీరభద్రస్వామి పటానికి దండం పెట్టుకుని, టిఫిన్ చేసి, మా అత్తమ్మకు షుగరు గోలీ ఇచ్చాక ఆ పలక నా ముందుకు వచ్చేది. ఏది నొక్కితే ఏమవుతుందో, ఎక్కడ ఇబ్బందవుతుందో చెప్పడం నా పని. మూసే గుర్తు మినపగింజంత ఉండేది. దాన్ని నొక్కబోతే పక్కది తెరుచుకునేది. రాయబోతే కింద నుంచి కీబోర్డు లేచి, నేను రాసే గీతనే కప్పేసేది. అంట్లు తోమిన తడి వేలు పెడితే తెర దానంతట అదే గెంతేది. ఆరిన వేలు పెడితే అసలు పలికేది కాదు. నా వేళ్ల మీది గీతలు బూడిదతో, సబ్బుతో అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషన్ కూడా నన్ను గుర్తుపట్టదు. అక్కడ చెప్పినట్టే వేలు ఒకసారి పాపిట్లో రుద్దుకుని, ఆ కాస్త నూనె తగిలాక పెడితే పలికేది.

"ఓ రుక్కీ, పొయ్యి మీద పాలు పెట్టి గా పలకల ఏం చూస్తున్నవే? దుకాణం వాడు నడుపుతుండా, నువ్వు నడుపుతున్నవా?" అనేది మా అత్తమ్మ పోచమ్మ. పాలు పొంగితే తిట్టేది. పొంగకపోతే అదృష్టం అనేది.

నేను చెప్పినవన్నీ మా ఆయన నోటుబుక్కులో రాసుకునేవాడు. ఒకరోజు స్కేలు తెచ్చి నా చూపుడు వేలి కొనను కొలిచాడు. తెర మీద పెట్టి ఒకసారి, తీసి ఒకసారి, ఒత్తి ఒకసారి. పది మిల్లీమీటర్లు. "నీ వేలు మోటుగున్నదే" అని నవ్వాడు. మరునాటికల్లా గుర్తులన్నీ పది మిల్లీమీటర్లయ్యాయి. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆయన నా చేయి అంతసేపు పట్టుకున్నది ఆరోజే. అది గుర్తొచ్చి సంతోషించాలో, బాధపడాలో తెలియలేదు. అన్నం వార్చే వేళయిందని లేచాను.

ఫోనులో మరిది అడిగేవాడు, "అన్నా, వేలు ఏమంటున్నది?" అని. మొదట్లో అందరం నవ్వుకున్నాం. తర్వాత అదే నా పేరయింది. దుకాణం నుంచి ఫోను చేసి మా ఆయన అడిగేవాడు, "వేలు ఖాళీగున్నదా?" ఉప్పు డబ్బా ఖాళీగా ఉందా అన్నట్టు. ఉందనేదాన్ని.

మౌస్‌కు ఒక సుఖముంది. బాణం గుర్తును దేని మీదికైనా తీసుకెళ్లి నిలబెట్టవచ్చు. నొక్కనవసరం లేదు. అలా నిలబడితే ఒక చిన్న చీటీ తెరుచుకుని, ఇది ఫలానా, నొక్కితే ఫలానా జరుగుతుంది అని చెబుతుంది. వేలికి ఆ భాగ్యం లేదు. గాలిలో ఉన్నంతసేపు వేలు ఉన్నట్టే తెరకు తెలియదు. తెర మీద పడిందా, అప్పటికే పని జరిగిపోయింది. ఇది మా ఆయనకు చెప్పాను. "మంచి పాయింటు" అని రాసుకున్నాడు. నేను మాత్రం నా పెళ్లిచూపులు తలుచుకున్నాను. మరిపెడలో మా ఇంటి ముందర గదిలో పావుగంట. నన్ను వాళ్లు చూశారు. ఇది ఫలానా ఇల్లు, అడుగు పెడితే ఫలానా జరుగుతుంది అని నాకు ఏ చీటీ తెరుచుకోలేదు. ఇది మా ఆయనకు చెప్పలేదు. అది నోటుబుక్కులో రాసుకునే సంగతి కాదు.

వాళ్లిద్దరూ దానికి ఉపాయం చేశారు. ఒక దాని మీద వేలు కాసేపు ఉంచితే చీటీ తెరుచుకుంటుంది, ఇంకోసారి తాకితేనే పని జరుగుతుంది. మౌస్ మీది కుడి మీట చేసే పని గనక దానికి మరిది 'కుడి నొక్కు' అని పేరు పెట్టాడు. "వేలికి కుడేంది, ఎడమేంది? 'ఒత్తి పట్టు' అనున్రి" అన్నాను. అదే ఖాయమైంది. మరిపెడలో ఇంటర్ వరకు తెలుగు మీడియం చదివానని, తెర మీది మాటలన్నీ తెలుగు చేయమని అప్పటినుంచి నాకే ఇచ్చారు.

తెరవగానే రెండు పేర్లు కనిపించేవి. ఒకటి కరుణాకర్. రెండోది గెస్ట్. నేను గెస్ట్. గెస్ట్‌గా లోపలికి వెళ్లి ఏం చేసినా, బయటికి రాగానే తుడిచిపెట్టుకు పోతుంది. ఎవరూ రానట్టే, ఏమీ చేయనట్టే శుభ్రంగా ఉంటుంది. నాకది తెలియదు. మూడు రోజులు పలక మూయకుండా కూర్చుని రెండు వందల పది మాటలు తెలుగులో రాశాను. నాలుగో రోజు చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. తెరిచి చూస్తే ఒక్క మాట లేదు.

"గెస్ట్‌ల రాసుకున్నవా? పిచ్చిదానా, అండ్ల ఏది ఉండది" అని మా ఆయన నవ్వాడు. మరిదికి ఫోను చేసి మరీ చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు. పాత క్యాలెండరు కాగితాల వెనక, గుర్తున్నంత వరకు మళ్లీ రాశాను. రెండు వందల పదికి రెండు వందల నాలుగు గుర్తొచ్చాయి. రాసి ఇస్తూ, "నాకు నా పేరుతోటి ఒకటి పెట్టరాదు?" అని అడిగాను. పెళ్లయ్యాక నా కోసమని అడిగినవి తక్కువ. అందుకే ఆ రోజు బాగా గుర్తుంది, బుధవారం.

"పేరు పెడితే నీకు అలవాటైతది. అలవాటైతే తప్పులు కనబడయి. నువ్వు ఎప్పటికి కొత్తదాని లెక్కనే చూడాలె" అన్నాడు. కోపంగా కాదు, విడమరచి చెప్పాడు. నాకు అర్థమైంది. ఆయన చెప్పింది నిజం. అలవాటైతే తప్పులు కనబడవు. ఆ మాట రోట్లో పచ్చడి నూరుతున్నంతసేపూ లోపల తిరిగింది.

నెల తర్వాత ఇంకోసారి అడిగాను. "మళ్ల గదే ముచ్చటనా?" అన్నాడు. మూడోసారి అడగలేదు. కానీ రోజూ గెస్ట్ అని నొక్కేటప్పుడు వేలు ఒక క్షణం ఆగేది. అది ఆగిన సంగతి తెరకు కూడా తెలియదు.

తయారైందన్నాక అందులో ఒక పేజీ పెట్టారు. తయారుచేసినవారు: కరుణాకర్, ధర్మేందర్. కింద చిన్న అక్షరాలలో, కుటుంబ సభ్యులకు కృతజ్ఞతలు. ఆ వాక్యాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేసిందీ నేనే. సోమవారం ఉపవాసముండి గుడికి పోతే పూజారి కూడా అర్చనలో మా ఆయన గోత్రం, మా ఆయన పేరు చదివి, ధర్మపత్నీ సమేతస్య అంటాడు. నా పేరు స్వామికి తెలుసులే అనుకునేదాన్ని. స్వామికి తెలిస్తే చాలా అని ఈ మధ్య ఆ స్వామినే అడగబుద్ధవుతోంది. అడిగితే కోపం రాదనే అనుకుంటాను. వచ్చినా, ఆయన కోపం నేను ఎరిగిందే.

నర్సింహులపేటలో ఆడవాళ్ల చదువు కేంద్రం వాళ్లు ముప్పై పలకలు తీసుకున్నారు. అప్పజెప్పే రోజు మా ఆయన నన్నూ రమ్మన్నాడు. "అంత ఆడోళ్లే ఉంటరు. నువ్వుంటే జర బాగుంటది. చాయ్ సంగతి గూడ చూసుకుందువు." మరిది భూపాలపల్లి నుంచి రాలేకపోయాడు. బండి మీద వెళ్లాం. కేంద్రం నడిపే తుల్సీబాయి గుమ్మంలోనే ఎదురొచ్చింది. నలభై దాటిన మనిషి, నవ్వితే గది మొత్తానికి వినిపిస్తుంది.

మా ఆయన ముందు నిలబడి చక్కగా మాట్లాడాడు. "మనిషి మిషనుకు తగ్గట్టు మారుడు గాదు, మిషనే మనిషికి తగ్గట్టు మారాలె. దీన్ని మీ వేలికి తగ్గట్టు చేసెతందుకు మాకు ఏడాదిన్నర పట్టింది. నాలుగు వందల మార్పులు చేసినం" అన్నాడు. చప్పట్లు కొట్టారు. చాయ్ ఫ్లాస్కు కింద పెట్టి నేనూ కొట్టాను. కొడుతూ లెక్కవేశాను. నా పెళ్లి గురువారం జరిగింది. ఆదివారం కల్లా ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు లేస్తారో, ఎవరికి కారం ఎక్కువ కావాలో, ఎవరి ముందు నవ్వకూడదో, ఎక్కడ కూర్చోకూడదో నాకు వచ్చేసింది. ఒక మిషను మనుషులకు తగ్గట్టు మారడానికి ఏడాదిన్నర. నేను మారడానికి మూడు రోజులు. నా దగ్గరికి ఎవరూ నోటుబుక్కు పట్టుకుని రాలేదు, ఎక్కడ ఇబ్బందవుతోందని అడగలేదు. చప్పట్లు ఆగిపోయాయి. నేను ఇంకా కొడుతున్నానని చూసుకుని ఆపాను.

పలకలు పంచారు. ముందు వరుసలో ఒక ముసలామె ఎంత తాకినా తెర పలకడం లేదు. మిరప తోటల్లో అరిగిన వేళ్లు. మా ఆయన పలక తిప్పి చూస్తున్నాడు, ఆపి మళ్లీ తెరుస్తున్నాడు. నేను వెళ్లి, "అవ్వా, వేలు జర పాపిట్ల రుద్దుకో, ఇప్పుడు పెట్టు" అన్నాను. పలికింది. ఆమె పలకను కాదు, నన్ను చూసింది.

"గీ మాటలు ఎవలు రాసిన్రన్నా? 'ఒత్తి పట్టు' అంట. మా ఇంట్ల మాట్లాడినట్టే ఉన్నది" అంది తుల్సీబాయి.

"మా టీము" అన్నాడు మా ఆయన.

తర్వాత ఒక్కొక్కరికీ వాళ్ల పేరుతో ఖాతా తెరవాలి. మా ఆయన ఒక వైపు, నేను ఒక వైపు కూర్చున్నాం. పేరు అడగడం, రాయడం, వాళ్ల చేత రహస్యపదం పెట్టించడం. వాళ్లు రహస్యపదం పెట్టేటప్పుడు నేను మొహం తిప్పుకునేదాన్ని. ముప్పై పలకల్లో ఇరవై తొమ్మిది అయ్యాయి. మిగిలినది కేంద్రంలో అందరికీ అని ఉంచారు. తుల్సీబాయి దాంట్లో తన పేరు రాసుకుని, పలక నా వైపు జరిపింది.

"అక్కా, నీది?"

నేను నోరు తెరిచేలోగా అటు వైపు నుంచి మా ఆయన, "ఆమెకెందుకమ్మా? ఆమె గెస్ట్!" అన్నాడు. సరదాగానే అన్నాడు.

"ఇంట్ల ఆమె గెస్టైతే మరి వంట ఎవలు చేస్తున్రే అన్నా?" అంది తుల్సీబాయి. గది మొత్తం నవ్వింది. మా ఆయనా నవ్వాడు. నేనూ నవ్వినట్టున్నాను. పలక ఇంకా నా ముందే ఉంది.

రుక్మిణి అని రాశాను. నాలుగు అక్షరాలు లేవు, అయినా సేపు పట్టింది. రహస్యపదం పెట్టమంది. పెట్టాను. 'దీనిని ఎవరికీ చెప్పకండి' అని తెర మీద వచ్చింది. ఆ వాక్యం క్యాలెండరు కాగితం మీద నేను రాసిందే. నాకు చెప్పడం మాత్రం అదే మొదటిసారి.

"బేస్తారం బేస్తారం క్లాసుంటది. వస్తవా అక్కా? నీ లెక్క చెప్పెటోళ్లు మాకు లేరు" అంది తుల్సీబాయి, ఖాళీ చాయ్ కప్పులు నా చేతిలోంచి తీసుకుంటూ. గురువారాలు కదా, చూస్తానన్నాను. ఆ పలక అక్కడి బీరువాలోకి వెళ్లింది. నా పేరు కూడా దానితోపాటే.

దారిలో బండి మీద మా ఆయన అడిగాడు, "పాస్‌వర్డ్ ఏం పెట్టినవ్?" గాలికి వినపడనట్టు ఊరుకున్నాను. ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి కూడా వినపడలేదు.

బుధవారం సాయంత్రం ఆయన కొత్తగా మార్పులు చేసిన పలక తెచ్చి గిన్నెల పక్కన పెట్టాడు. "రేపు పొద్దున చూసి చెప్పు. ధర్మేందర్ మధ్యాహ్నం కల్లా అడుగుతడు."

"రేపు నేను నర్సింహులపేట పోతున్న" అన్నాను. నా గొంతు నాకే మామూలుగా వినిపించింది. కూరలో ఉప్పు వేశాను.

"ఎందుకు?" అన్నాడు. మంచంలోంచి మా అత్తమ్మ కూడా, "ఎందుకే?" అంది.

ఆ ఇంట్లోంచి నేను కదలాలంటే ఒక కారణం ఉండాలి. గుడి, దవాఖాన, పుట్టిల్లు, ఎవరిదో చావు. ఆ నాలుగింటిలో రేపటికి ఏది సరిపోతుందా అని వెతికాను. క్లాసు అని చెప్పవచ్చు. చెబితే, ఎందుకు, ఎన్ని రోజులు, వాళ్లు ఏమిస్తారు, ఇక్కడ వంటెవరు అని మొదలవుతుంది. అన్నిటికీ జవాబు చెప్పి, చివరికి పోవద్దులే అనిపించుకోవాలి. పొయ్యి చిన్నది చేసి ఇద్దరి వైపూ తిరిగాను.

"ఊకెనే" అన్నాను.

కారణమేమీ లేకుండా అని అర్థం. ఆ ఇంట్లో ఆ మాట అప్పటివరకూ మగవాళ్లే వాడేవారు.