తెల్లపట్టీ నీడ

ఏవిస్ కిటికీ దగ్గర కూర్చుని పసుపుదారానికి మైనం రాస్తోంది. బల్లమీద యువరాజు పైఅంగీ పరిచి ఉంది. ఎర్రబట్ట మీద మూడు బంగారు సింహాలు. వాటి మెడలకు పైగా, అడ్డంగా, మూడు తోకలు వేలాడే తెల్లపట్టీ. తండ్రి బతికున్నంత కాలం పెద్దకొడుకు రాజచిహ్నం మీద ఆ పట్టీ ఉండి తీరాలి. రాజు కన్నుమూసి కోటగంట మోగాకే దాన్ని తీస్తారు. ఇప్పుడు ఒక సింహం మీసం ఊడిందని అంగీని బాగుచెయ్యడానికి పంపారు.

తమ్ముడు హేమన్ రొప్పుతూ లోపలికొచ్చాడు. యువరాజు గుర్రాలశాలలో పనివాడతను.

"అక్కా, ఆ పట్టీ తీసెయ్యి. ముసలాయన పనైపోయింది. గుటక కూడా పడట్లేదంట."

"గంట మోగిందా?"

"మోగుద్దిలే. మోగీమోగగానే పట్టీ లేని అంగీతో యువరాజు ఎదుట నేనే ముందు నిలబడ్డాననుకో, ఈ పేడెత్తే బతుకు వదిలిపోద్ది."

"ముందే తీస్తే రాజు చావు కోరినట్టేరా. నీ తలొక్కటే కాదు, నాదీ పోద్ది."

"నీకు నీ నీడన్నా భయమే!"

పొయ్యిమీద జావ పొంగింది. ఏవిస్ కుండ దించి వచ్చేసరికి కత్తెర హేమన్ చేతిలో ఉంది. పట్టీ నేలమీద పడి ఉంది.

ఆమె అంగీ మీదకు వంగి చూసింది. ఇన్నేళ్ల ఎండకు అంగీ అంతా వెలిసింది గానీ, పట్టీ కింది బట్ట మాత్రం కొత్త నెత్తురులా ఎర్రగా ఉంది. మూడు తోకలతో సహా పట్టీ ఆకారం అక్కడే నిలిచిపోయింది.

"చూశావా నీ తెలివి? ఊడబీకామని ఊరంతా చాటుద్ది ఇది!"

అంతలో వీధిలో కేకలు. "రాజుగారు లేచి కూర్చున్నారు! రొట్టె అడిగారు!"

హేమన్ కత్తెరను చొక్కా మడతలో దాచాడు. ఏవిస్ సూదికి తెల్లదారం ఎక్కించింది. పట్టీ తీసి, దుమ్ము దులిపి, పాత సూదిరంధ్రాల్లోనే దారం పోనిచ్చింది. రెండు తోకలు సరిగ్గా కూర్చున్నాయి. మూడోది కుడుతుండగా గుమ్మం ముందు గుర్రం ఆగింది. చివరి కుట్లు ఆమె హడావిడిగా వేసింది.

కొలువు అధికారి ఆస్బర్ట్ లోపలికొచ్చాడు. "అంగీ ఇవ్వమ్మా. యువరాజు చర్చికి బయల్దేరుతున్నారు, తండ్రి గండం గడిచిందని మొక్కు చెల్లించడానికి."

ఏవిస్ దారం కొరికి అంగీ అందించింది. ఆయన దాన్ని వెలుగులోకి తిప్పాడు. మూడో తోక పక్కన గోటిగీరంత ముదురెరుపు. ఆయన వేలు అక్కడే ఆగింది.

"దీన్ని ఊడదీసిందెవరు?"

"పాతదారం చివికిందయ్యా..." అంది ఏవిస్.

"చివికిన దారం పీచుపీచుగా తెగుద్ది. ఇవి కత్తెరతో కోసిన ముక్కలు." బల్లమీది తెల్లదారపు తునకలను ఆయన వేలికొనతో కదిపాడు. "ఈ ఇంట్లో కత్తెర పట్టేది నువ్వేగా?"

ఏవిస్ తలెత్తలేదు. తమ్ముడి వైపు చూడకూడదని మైనంముద్ద వైపే చూస్తూ కూర్చుంది.

హేమన్ చొక్కా మడతలోంచి కత్తెర తీశాడు. అక్క ముందు, మైనంముద్ద పక్కన పెట్టాడు. ఆస్బర్ట్ కంటే ముందే గుమ్మం దాటి, కట్టెయ్యమన్నట్టు రెండు చేతులూ జోడించి ఆయన గుర్రం వైపు నడిచాడు.