డల్సీ ఆంటీ ఎందుకు వచ్చేది

జనవరి ఇరవై ఆరున గుట్ట మీద ఊరందరికీ పెట్టే పండగ టిఫిను వేరే రోజుకు మార్చాలా వద్దా అని కౌన్సిల్ హాల్లో సాయంత్రం నుంచీ కొట్టుకుంటున్నారు. కొట్టుకోవడమంటే చేతులతో కాదు, కానీ అంతదూరం వచ్చేలాగే ఉంది. ఆదివాసుల నేలకు ఇంగ్లీషు ఓడలొచ్చి జెండా పాతిన రోజును పండగ చేసుకోవడం తప్పని సగంమంది. తాతల నాటి పండగను తప్పంటే ఊరుకోమని సగంమంది.

“ఇవాళ ఇది మార్చండి, రేపు క్రిస్మస్‌ని జూలైకి జరపండి!” అని చేపల కొట్టు రస్ అరిచాడు. వెనక బెంచీలు గొల్లున నవ్వాయి.

కౌన్సిలర్లు అటు ముగ్గురు, ఇటు ముగ్గురుగా చీలిపోయారు. మిగిలింది గ్లెనిస్. ఆ టిఫిన్ల కమిటీకి ఏళ్ళ తరబడి పెద్ద ఆవిడే. సాసేజీలు ఎవరు కాల్చాలి, జెండా ఎవరు ఎగరెయ్యాలి, అంతా ఆవిడ నోటిమాట మీదే. ఊరంతా తనను మంచి మనిషి అనుకుంటుందని ఆవిడకు తెలుసు. తెలియనట్టు ఉండడం కూడా తెలుసు.

గ్లెనిస్ లేచింది. “మన ఊరి ఆదివాసులకు ఈ పండగంటే కోపమని ఎవరన్నారు? ఇదంతా బయటివాళ్ళు వచ్చి పెట్టే చిచ్చు. అదిగో, డల్సీ ఆంటీ. ఈ తీరాన అందరికన్నా పాతకాపులు వాళ్ళే. ఒక్క ఏడాది మానకుండా మన పండక్కి వస్తారు. కొబ్బరి అద్దిన చాక్లెట్ కేకులు పళ్ళెంనిండా చేసి మరీ తెస్తారు. ఆవిడకు లేని బాధ మనకెందుకు? ఏం ఆంటీ, మీరే చెప్పండి.”

చప్పట్లు పడ్డాయి. మూడో వరసలో కూర్చున్న డల్సీ ముందు కుర్చీ పట్టుకుని నెమ్మదిగా లేచింది.

“నన్నిందులోకి లాగకుండా ఉంటే బాగుండేదమ్మా. లాగావు కాబట్టి చెప్తా. మీ జెండా కర్ర పక్కన మా అమ్మమ్మను కన్నతల్లి ఉంది. అమ్మమ్మ తమ్ముళ్ళిద్దరూ ఉన్నారు. మీవాళ్ళు తుపాకులతో వచ్చిన పొద్దున దొరికినవాళ్ళను దొరికినచోటే కప్పెట్టారు. అమ్మమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించేది. తర్వాత మీరు కంచె వేశారు. గుట్ట అంచు, ప్రమాదమన్నారు. ఆఫీసుకొచ్చి అడిగితే అక్కడేమీ లేదన్నారు. ఏడాదికి ఆ ఒక్కరోజే గేటు తీస్తారు.”

“మరి... కేకులు?” అంది గ్లెనిస్. నోట్లోంచి అదే వచ్చింది, ఖర్మ.

“చేతిలో పళ్ళెం ఉంటే ఎందుకొచ్చావని గేటు దగ్గర ఎవ్వరూ అడగరు.”

గ్లెనిస్‌కు తల కొట్టేసినట్టయింది. “ఇన్నేళ్ళు... నాకొక్కమాట చెప్పలేదే ఆంటీ?”

“నువ్వడిగితేగా? అడిగావులే. కొబ్బరి ఏ కొట్లో కొన్నారని అడిగావు.”

వెనక ఎవరో నవ్వబోయి దగ్గు కింద మార్చుకున్నారు.

ఓటు వేళకు గ్లెనిస్ మార్చాలనే చెయ్యెత్తింది. మళ్ళీ చప్పట్లు, ఈసారి అవతలి పక్షం నుంచి. ఎంత ధైర్యం అంటూ ఒకాయన భుజం తట్టాడు. దాంతో ఆవిడ ఇంకా కుంచించుకుపోయింది. ముసలావిణ్ణి నలుగురిలో నిలబెట్టి తన వాదానికి సాక్ష్యంగా వాడుకున్న మనిషికి ధైర్యమేమిటి?

బయట మెట్ల దగ్గర డల్సీని అందుకుంది. గుట్ట గేటు తాళంచెవి కమిటీ పెద్దగా గ్లెనిస్ దగ్గరే ఉంటుంది. గుత్తిలోంచి ఊడదీసి డల్సీ చేతిలో పెట్టింది. “ఏ రోజైనా వెళ్ళండి ఆంటీ. ఎవరన్నా అడ్డొస్తే నా పేరు చెప్పండి.”

“నీ పేరు చెప్పాలా?” అంది డల్సీ. “మావాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి?”

గ్లెనిస్ చెవుల దాకా ఎర్రబడింది. డల్సీ తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసింది. మొహాన విసిరికొడుతుందేమో అనుకుంది గ్లెనిస్. కొడితేనే నయమనిపించింది. డల్సీ మాత్రం దాన్ని సంచిలో వేసుకుని, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, మనవరాలి కారెక్కింది.

కారు మలుపు తిరిగిపోయాక కూడా గ్లెనిస్ అక్కడే నిలబడి ఉంది. ఇంకా ఎందుకు నిలబడ్డానా అని ఆలోచిస్తే అప్పుడు తెలిసింది. డల్సీ థాంక్స్ చెబుతుందని ఎదురుచూస్తోంది.