చీపురుపుల్లకి లేచిన ముల్లు

నేను ఒక ముల్లు మీటర్ని. కరెంటు కొలవడం నా పని. నా కథ ఎవరడిగినా ముందు అనకాపల్లి పైడయ్య పేరే చెబుతాను. నన్ను చంపింది వాడు. చచ్చినదాన్ని తమ్ముడికి అంటగట్టిందీ వాడే.

పుట్టింది జపాన్‌లో. అయస్కాంతం నడుమ, రెండు చిన్న కెంపురాళ్ల మధ్య తిరిగే తీగచుట్ట, దాన్ని పట్టి ఉంచే వెంట్రుకంత స్ప్రింగు, పైన ముల్లు. అదే నా ప్రాణం. ఓడెక్కి వచ్చి, ఈ అన్నదమ్ముల తండ్రి రేడియో కొట్లో కుదురుకున్నాను. ఆయన ఉన్నంతకాలం నాకు లోటు లేదు.

ఆయన పోయాక వచ్చిన దసరాకి పైడయ్యకి భక్తి ముంచుకొచ్చింది. ఆయుధపూజ అని స్క్రూడ్రైవర్లతో పాటు నాకూ కుంకుమ మెత్తాడు. అద్దం కింద స్క్రూ సందులోంచి అది లోపలికి జారి, ముల్లు సగంలో ఆగిపోయింది. అంతటితో ఊరుకున్నాడా, కుట్టుమిషను నూనె పోశాడు. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మనుషులంతే. దండం పెట్టినదాన్ని ముట్టుకోకుండా ఉండలేరు.

పంపకాల్లో పైడయ్య అడిగినట్టే కొట్టు వాడికి, నాన్న మీటరు తమ్ముడు సింహాద్రికి అన్నారు పెద్దమనుషులు.

"ఆ ముల్లు కదిలితే నీ బతుకు నువ్వు బతుకు. కదలకపోతే నా కొట్లోకి కూలికొచ్చీ," అన్నాడు పైడయ్య, అందరూ వింటుండగానే.

సింహాద్రి ఇంటి అరుగు మీద నన్ను విప్పాడు. స్పిరిట్లో ముంచిన కుంచెతో నూనె కడిగాడు. కుంకుమ మాత్రం అయస్కాంతం సందులో కూర్చుంది. ఇనప పట్టకారు దగ్గరికి తెస్తే చాలు, అయస్కాంతం విసురుగా లాక్కుంటోంది. స్ప్రింగు తెగిందా, ఇంకోటి దొరకదు. అన్న దగ్గర కూలి తప్పదనుకున్నాడు కాబోలు, పట్టకారు కింద పెట్టేశాడు.

పక్కన టార్చి పట్టుకున్న పెళ్ళాం నూకాలు చీపుర్లోంచి పుల్ల విరిచి, కొస చెక్కి ఇచ్చింది.

"ఇనుమునైతే లాగుతాది మావా. దీన్నేటి లాగుతాది?"

ఓడెక్కి వచ్చిన నాకు చీపురుపుల్ల వైద్యం! సిగ్గనిపించింది, అయినా చేయించుకున్నాను. పుల్ల కొసకి జిగురు కాగితం చుట్టి కుంకుమంతా ఎత్తాడు. కాగితం తీసేసి, అదే పుల్లతో స్ప్రింగు చుట్లు ఊపిరి బిగబట్టి విడదీశాడు. బ్యాటరీ తగిలించాడు. ముల్లు లేచింది. ఆ కొసదాకా వెళ్లి, తిరిగొచ్చి సున్నా మీద కూర్చుంది. నూకాలు నవ్వింది. వాడు నమ్మలేక మళ్లీ తగిలించాడు, మళ్లీ తగిలించాడు.

ఆ అరుగే కొట్టయింది. కొన్నాళ్లకి పైడయ్యే వచ్చాడు, చంకలో గుడి మైకుసెట్టు పెట్టుకుని. వాడి కొత్త మీటర్లో అంకెలు ఒకచోట నిలవడం లేదట. సింహాద్రి నన్ను తగిలించి తీగలు ఒక్కొక్కటే కదిపాడు. ఒక తీగ దగ్గర నా ముల్లు ఊగింది. తప్పు అక్కడే.

"నాన్న మీటరు కదా, ఇద్దరం వాడుకుందుం. కొట్లోకొచ్చీరా," అన్నాడు పైడయ్య.

"కూలికా, అన్నయ్యా?"

పైడయ్య మైకుసెట్టు మళ్లీ చంకన పెట్టుకున్నాడు.

"పనుంటే నువ్వే రా. అరుగు మీద ఎవరైనా కూకోవచ్చు," అన్నాడు సింహాద్రి.

ఈ దసరాకి నూకాలు కుంకుమ భరిణె తెచ్చింది. బొట్టు నా తోలు సంచికి పెట్టింది, నన్ను ముట్టుకోలేదు.

గెలిచాం. అయినా లెక్క మర్చిపోను. తండ్రి వదిలిన ఆ మెయిన్ రోడ్డు కొట్లో సింహాద్రికి రావలసిన సగం, నలభై ఎనిమిది చదరపు అడుగులు, పైడయ్య కిందే ఉంది.