మంగళవారం పన్నెండూ ఇరవై

1998 జూలై పద్నాలుగు, మంగళవారం. నోయిడాలోని ఆఫీసులో మధ్యాహ్నం పన్నెండున్నరకు వాసవికి ఫోన్ వచ్చింది. ఘాజియాబాద్ నుంచి కృష్ణకుమారి. వాసవి భర్త సుధీంద్ర, కృష్ణకుమారి భర్త లక్ష్మీపతి కంపెనీ పనిమీద కౌలాలంపూర్ వెళ్లి ఒకే హోటల్లో ఉంటున్నారు.

"వాసవీ, మనవాళ్ల హోటల్ అంటుకుందట. టీవీలో చెప్పారు. అక్కడి టైము పొద్దున పదింటికట. ఫోన్ కలవట్లేదు. సుధీంద్ర నుంచి ఏమైనా వచ్చిందా?"

"చూసి చెబుతానక్కా."

మెయిల్ ఒకటి వచ్చి ఉంది. పక్కన సోమవారం రాత్రి 9.20 అని టైము.

'ఆఫీసులో ఉన్నాను. డెమో బాగా జరిగింది. లక్ష్మీపతి గారికి కడుపునొప్పి. ఈ రోజు రూములోనే ఉండిపోయారు. వీలు చూసుకుని ఫోన్ చేస్తాను.'

నిన్నటి ఉత్తరం. మంటలకు ముందుది. వాసవి కౌలాలంపూర్ నంబరు మళ్లీ మళ్లీ తిప్పింది. ప్రతిసారీ అదే ఎంగేజ్ టోన్.

ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే పార్థసారథి ఆమె ముఖం చూసి దగ్గరకు వచ్చాడు. విషయం విని తెర మీదకు వంగాడు.

"రాత్రి తొమ్మిదింటికి ఆఫీసులో ఏం చేస్తున్నారు మేడమ్? ఒక్క నిమిషం." మెయిల్ పైభాగంలో దాగి ఉన్న వరుసలన్నీ తెరిచాడు. "ఇది చూడండి. పంపింది మంగళవారం పన్నెండూ ఇరవైకి, వాళ్ల టైము. అంటే ఈ పొద్దున మన తొమ్మిదీ యాభై."

"మరి ఇక్కడ సోమవారం అని ఉందేంటి?"

"మన మెయిల్ ప్రోగ్రాం, పంపినవాళ్ల టైమును ఈ మెషీన్ ఏ దేశంలో ఉందో ఆ టైములోకి మార్చి చూపిస్తుంది. నిన్న దీన్ని ఫార్మాట్ చేసి దేశం మార్చడం మరిచిపోయాను. ఇది అమెరికాలో ఉన్నాననుకుంటోంది. తప్పు నాదే."

"వాళ్ల గడియారమే తప్పయితే?"

"దారిలో మెయిల్ అందించిన సర్వర్ వేసిన టైము కూడా అంతే ఉంది మేడమ్. మంటలు లేచిన రెండు గంటల తర్వాత ఆఫీసు నుంచి రాశారంటే సార్ క్షేమం."

వాసవికి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని మెయిల్ మళ్లీ చదివింది. నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయింది. ఈ రోజు. ఈ రోజంటే సోమవారం కాదు.

మళ్లీ ఫోన్ మోగింది. కృష్ణకుమారే అయి ఉంటుందని ఆమె ఎత్తలేదు. అది ఫోన్లో చెప్పే మాట కాదు. బ్యాగు తీసుకుని ఆటో ఎక్కింది.

కృష్ణకుమారి గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమైందే?"

"సుధీంద్ర ఆఫీసులో ఉన్నాడక్కా. మంటలు లేచాక రాశాడు. రాసేటప్పటికి తనకింకా తెలిసినట్టు లేదు." వాసవి ఆమె చెయ్యి పట్టుకుంది. "అన్నయ్య మాత్రం కడుపునొప్పని రూములో ఉన్నారట. అంతకు మించి నాకేం తెలియదు."

కృష్ణకుమారి చెయ్యి విదిలించుకోలేదు. అలాగే లోపలికి నడిచి కుర్చీలో కూర్చుంది. "నువ్వు నాకు అబద్ధం చెప్పలేదు. అది చాలు" అంది.

నాలుగున్నర దాకా ఇద్దరూ ఫోన్ పక్కనే కూర్చున్నారు. అన్నం వండుకోలేదు, టీ పెట్టుకోలేదు. అప్పుడు మోగిన ఫోన్ సుధీంద్రది. కృష్ణకుమారి ఎత్తింది.

"కృష్ణకుమారి గారూ, ఆయన బతికే ఉన్నారు. ఆస్పత్రిలో నేను పక్కనే ఉన్నాను. పొగ మింగారు, కుడి చెయ్యి కాలింది. మాట్లాడలేరు గానీ, మీరు మాట్లాడితే వింటారు."

ఆమె రిసీవర్‌ను రెండు చేతులా పట్టుకుంది. మెల్లగా, "కడుపునొప్పి తగ్గిందా అండీ?" అని అడిగింది.